బావ రాకముందే బిగించాలనుకున్న తలుపు

ఆ రోజుల్లో నాకు దేవుడి మీదకన్నా బావ మీద ఎక్కువ ధ్యాస ఉండేది. భక్తి కాదు, కుళ్లు. కృష్ణ ఒడ్డున కరెంటు ఫ్యాక్టరీ కొత్తగా పొగ వదులుతున్న కాలం. మా రాయచూరులో అందులో ఉద్యోగమంటే కలెక్టరుకు ఒక్క మెట్టు కిందన్నట్టే. మా అక్క మొగుడు అందులో మెకానిక్కు. నేనేమో నాన్న బట్టల దుకాణంలో తాన్లు విప్పి, మడిచి, మళ్లీ విప్పేవాణ్ణి. ఆదివారం బావ వస్తే అమ్మ దాచిపెట్టిన మీగడ పెరుగు బయటికొచ్చేది (మిగతా ఆరు రోజులూ నాకు మజ్జిగే). ఇంట్లో కుళాయి కారినా, ఫ్యాను ఆగినా ఒకటే మాట: "ఉండనీ, అల్లుడొచ్చి చూస్తడు."

ఒక శనివారం వీధి తలుపు పై మడతబందు వదులైంది. తాత కాలంనాటి టేకు తలుపు, కిందికి జారి, తీసినప్పుడల్లా గడపకు రాసుకుని మూలిగేది. అమ్మ "అల్లుడు..." అని నోరు తెరవగానే "నేను చేస్త" అన్నాను.

"నువ్వా?" అంది అమ్మ. ఆ రెండక్షరాలకు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

తెల్లారి, బావ బస్సు రాకముందే పనిలో దిగాను. స్క్రూలు ఎంత తిప్పినా పట్టుకోవు. లోపల చెక్క పిండైపోయింది. పొడుగు స్క్రూలు తెచ్చి, తిప్పే ఓపిక లేక సుత్తితో దిగ్గొట్టాను. ద్వారబంధం పైభాగం చీలింది. బరువంతా కిందిబందు మీద పడి అది కూడా ఊడింది. తలుపు నా వీపు మీదికి ఒరిగింది. దించే బలం లేదు, వదిలే ధైర్యం లేదు. అలాగే వంగి వీధిలో నిలబడితే ఎదురింటి ముసలి అజ్జి ఆగి కన్నడంలో, "బాగిలా మారాక హొంటీయేనప్పా?" అంది. తలుపు అమ్మడానికి బయల్దేరానేమోనని పాపం, నిజంగానే అడిగింది.

సరిగ్గా అప్పుడే బావ వచ్చాడు. నవ్వలేదు. (నవ్వి ఉంటే హాయిగా తిట్టుకునేవాణ్ణి.) చొక్కా విప్పి, తలుపు కింద భుజం పెట్టి, మెల్లగా దించాడు. చీలిన చోటు వదిలేసి బందుల్ని జానెడు కిందికి జరిపాడు. పాత తూట్లలో చెక్క పుల్లలు చెక్కి బిగించాడు. మధ్యాహ్నానికి తలుపు వేలితో తోస్తే తెరుచుకుంది.

"చూసినవా? పని అంటే గిట్ల చెయ్యాలె" అంది అమ్మ నాతో.

"వాడే చేసిండు అత్తా. నేను పట్టుకున్న, గంతే" అన్నాడు బావ.

నాకు ఒళ్లు మండిపోయింది. పనితనం సరే, మంచితనం కూడా ఈయనకేనా!

పెరట్లో చేతులు కడుక్కుంటూ బావ గొంతు తగ్గించాడు. "మా నాయన నన్ను సుత్తి ముట్టనియ్యకపోతుండె. అన్నీ మా అన్నే చెయ్యాలె. వాణ్ణి చూస్తే నాకు మస్తు కుళ్లుండె."

"మీ అన్న బాగ చేస్తుండెనా?"

"బాగ చేస్తుండె. గదే కదా నా బాధ!"

ఇద్దరం నీళ్ల చేతులతోనే పగలబడి నవ్వాం. లోపల్నుంచి అమ్మ "ఏందిరా అది?" అని అరిస్తే ఇంకా ఎక్కువ నవ్వాం.

ఆ రోజుతో నా కుళ్లు పోయిందని రాస్తే అబద్ధం. ఇంకో రెండేళ్లు నిక్షేపంగా ఉంది. కానీ తర్వాతి ఆదివారం నేనే బస్టాండుకు ఎదురెళ్లాను. బావ చేతిలో సంచీ నాకిచ్చి పక్కన నడిచాడు. ఇరవై ఏళ్ల ఆనాటి నేను ఇప్పుడు నాకే ఎదురైతే, భుజం మీద చెయ్యేసి, "బస్టాండుకు ఇంకొన్ని ఆదివారాల ముందే పోయుంటే బాగుండెరా" అనాలనిపిస్తుంది.