ఒక్కసారి గుంజితే వదులు

దయ్యాలంటే నాకు నవ్వు. మా బీదర్‌ల ఎవరన్నా ఫలానా బురుజు కాడ తెల్లచీర కనబడ్డదంటే, ఏ దుకాణంల కొన్నదో అడిగి రమ్మనేటోన్ని. ఆదివారం ప్రార్థనకు పొయ్యే ఇంట్లనే పుట్టిన, గాని అక్కడ కూడ వెనక బెంచీల కూసొని పక్కోన్ని నవ్విచ్చుడే నా పని. పేరు శాంసన్. పేరుల ఉన్న బలం ఒంట్ల లేదు. ఏడో తరగతిల నేను బడిని ఇడిసిన్నో, బడే నన్ను ఇడిసిందో, ఇద్దరికీ యాదిలేదు.

ఇప్పుడు చెప్పేది మాత్రం మజాక్ కాదు.

మా ఊరి పక్క కొల్హార్‌ల ఒక వర్క్‌షాపుల స్టీలు వెల్డింగు నేర్చుకున్న. ఆ పని మీదనే ముంబై పోయిన, ఒక సేటు పడవకు రెయిలింగు అతికేటందుకు. చేపల పడవ కాదు, యాట్. తెరచాప, ఇంజను, లోపట ఏసీ. రెయిలింగు అయిపోయినంక కెప్టెన్ సాబ్ నన్ను అక్కడ్నే పనికి పెట్టుకున్నడు. మహారాష్ట్ర సరిహద్దు కాడి కమలనగర్‌ల తిరిగి నేర్చిన మరాఠీ అక్కరకొచ్చింది. ఈత మాత్రం రాదు. నేర్చుకుందమంటే బీదర్‌ల సముద్రం యాడుంది?

అందుకే లైఫ్ జాకెట్ ఇప్పకపోయేది, అన్నం తినేటప్పుడు కూడ. నడుముకు బెల్టు, బెల్టుకు తాడు, తాడు కొస పడవ కొక్కానికి. సదా అని నా తోటి పనోడు, కొంకణ్ తీరంల పుట్టినోడు, "మేకను కట్టేసిండ్రా" అని నవ్వేటోడు. ఆడు చేప లెక్క ఈదుతడు. ఉక్కపోస్తదని జాకెట్ తీసి పక్కన పెడుతడు. కెప్టెన్ సాబ్ తిడితే ఏసుకునుడు, ఆయన అటు తిరగంగనే తీసేసుడు.

ఇక్కడ మా మామ సంగతి చెప్పాలె. లేకపోతే మిగిలింది సమజ్ కాదు.

మా అమ్మ తమ్ముడు దేవయ్య, బావుల పూడిక తీసేటోడు. హుల్సూర్ దిక్కు లోతు బావులల్ల దిగితే పైనోళ్లకు మాట ఇనబడదు. అందుకని తాడుతోనే మాట్లాడుకునేటోళ్లు. ఒక్కసారి గుంజితే వదులు, ఇంకింత తాడు దింపు. రెండుసార్లు గుంజితే పైకి లాగు. మూడుసార్లు గుంజితే ఆగు, కదలకు. నేను కూడ కొన్నాళ్లు ఆయన తాడు పట్టుకున్న. మామది ఎడమ చెయ్యి. చంకల కింది నుంచి తాడు తిప్పి, ముడి అందరికంటె ఉల్టా ఏసేటోడు. అది ఇప్పాలంటే మల్ల ఆయన్నే పిలువాలె.

ఒకనాడు బావి గోడ జారుడు మొదలైంది. లోపట మామ, ఇంకో మనిషి. తాడు ఒక్కటే. మామ ఆ మనిషికి తాడు కట్టి రెండుసార్లు గుంజిండు. పైకి లాగిండ్రు. మల్ల తాడు దింపిండ్రు. ఒక్కసారి గుంజిండు. వదులు ఇచ్చి నిలవడ్డరు. తర్వాత గోడ కూలింది, మామ పైకి రాలే.

నేను ఆ రోజు కొల్హార్‌ల డ్యూటీల ఉన్న. మామ భార్య రూతమ్మ అత్త మాత్రం ఇన్నేండ్ల సంది ఒకటే అడుగుతది. బయటికి రావలసినోడు వదులు ఎందుకడిగిండు? కట్టుకునేటందుకు తాడు చాలలేదా? ఆయన మాట ఇనకుండ లాగితే వచ్చేటోడా?

ఇగ సముద్రం సంగతి. వానకాలం ఇంకా రాలే. మధ్యాహ్నం, మంచి ఎండ. సేటు లేడు, పడవను ఇంకో రేవుకు తీసుకపోతున్నం. కెప్టెన్ సాబ్, సదా, నేను, గంతే. పడమర దిక్కు నల్లగైంది. సూస్తుండంగనే గాలి తిరిగింది. తెరచాప కింద బూమ్ అని పెద్ద పైపు ఉంటది, అది అటు నుంచి ఇటు కొట్టింది. సదా తలకు తగిలిన చప్పుడు ఇనబడ్డది. ఆడు నీళ్లల్ల పడ్డ చప్పుడు ఇనబడలే. ఆని జాకెట్ బల్ల మీదనే ఉండె.

మనిషి నీళ్లల్ల పడితే ఒకరు అటే ఏలు చూపెడుతుండాలె, కన్ను తిప్పొద్దు. మొదటి రోజే నేర్పుతరు. నేను ఏలు చూపెట్టిన. వాన దిగింది. నా ఏలు కొసకు నీళ్లు తప్ప ఏం లేదు. కెప్టెన్ సాబ్ రేడియోల సాయం అడిగి, ఇంజను మీద పడవను తిప్పుకొచ్చిండు. నేను తేలే తాడు ఇసిరిన. వానల కొస కనబడలే.

తాడు మూడుసార్లు గుంజింది.

అలలు గుంజితే తెలుస్తది, చాల చూసిన. ఇది అట్ల లేదు. ఒక్కో గుంజుకు నడుమ జర దమ్ము తీసుకొని, మామ గుంజినట్టే.

కెప్టెన్ సాబ్ లాగు లాగు అంటుండు. నేను లాగలే.

"ఆగమంటుండు," అన్న.

"ఎవడు?"

ఆయన కోపంతోని నా దిక్కు రాబోయి గేరు చూసిండు. న్యూట్రల్‌ల ఉందనుకున్నది న్యూట్రల్‌ల లేదు. పడవ కింద రెక్కలు తిరుగుతనే ఉన్నయ్. నేను లాగి ఉంటె సదా సక్కగ వాటి మీదికే వచ్చేటోడు. ఆయన గబుక్కున ఇంజను బంద్ చేసిండు.

రెండుసార్లు గుంజింది.

లాగిన. సదా వచ్చిండు. కండ్లు మూతబడి ఉన్నయ్, తలకు నెత్తురు. తాడు రెండు చంకల కింది నుంచి తిప్పి ఉంది. ముడి ఉల్టా.

ఇద్దరం కలిసి పైకి ఎక్కిచ్చినం. ముడి రాకపోతే ఆని చేతులు పైకెత్తి తాడు తల మీదికెళ్లి తీసిన. కెప్టెన్ సాబ్ ఆని గుండె మీద ఒత్తుతుండు. నీళ్లు కక్కిండు, ఊపిరి తీసిండు. నేను తాడు చుట్టబోయిన. ఆ ఉచ్చు కొస మల్ల నీళ్లల్లకు జారి ఉండె.

ఒక్కసారి గుంజింది.

ఒక్కసారంటే వదులు. నాకు అత్త యాదికొచ్చింది. వదల్లే. నేను అతికిన రెయిలింగుకే కాళ్లు ఆనిచ్చి లాగిన. బరువు మనిషిదే, నేను తాడు పట్టినోన్ని, నాకు తెలుసు. రెయిలింగు దాక బరువు ఉండె. రెయిలింగు దాటినంక లేకుండె. ఖాళీ ఉచ్చు నా కాళ్ల కాడ పడ్డది, ముడి అట్లనే ఉంది.

కెప్టెన్ సాబ్ తాడు పడవ అడుగున తట్టుకున్నదన్నడు. సదానే కట్టుకొని ఉంటడన్నడు. సదా మాత్రం పైపు తగిలినంక తనకేం తెల్వదంటడు. ఇప్పుడు ఆడు పండేటప్పుడు కూడ జాకెట్ ఇప్పడంట. ఆన్ని మేక అందామనుకున్న, నోరు రాలే.

ముడి ఎవరికీ రాకపోతే ఆ కొస వరకు కోసి బీదర్ తెచ్చిన. రూతమ్మ అత్త ముందల పెట్టి అంత చెప్పిన. ఆమె ముడిని అటు ఇటు చూసింది. ఒక్క తిప్పుల ఇప్పేసింది.

"ఒక్కసారి గుంజితే లాగినవా?" అన్నది.

"లాగిన అత్తా."

"బరువుండెనా?"

"రెయిలింగు దాక ఉండె."

అత్త తాడు ఒళ్లె పెట్టుకున్నది.

"అయితే పైకి వచ్చిండు గద శాంసనూ. వచ్చి యాడికి పోయిండు?"

ఆ పడవ మల్ల ఎక్కలే, కొల్హార్‌ల వెల్డింగే చేసుకుంటున్న. సదా ఫోన్ చేసినప్పుడల్ల మాత్రం, పడవల ఎవరెవరున్నరని అడుగుత. ఆడు మజాక్ అనుకొని నవ్వుకుంట ఒక్కొక్క పేరు చెప్తడు.

మామ పేరు వస్తదేమోనని నేను చివరిదాక ఇంటుంట.