బాలింతకి పాలసొర

సముద్రం మీద ఒక మహాకావ్యం రాద్దామని కూచున్నాను. తుపాను, తెరచాప, వీరుడు, అన్నీ పెడదామనుకున్నాను. నిజానికి ఇందులో ఉన్నది చోడవరంలో మా పెరడు, ఒక కత్తిపీట, పాలు పడని మా అక్క. సముద్రం చూడాలంటే మాకు రెండు బస్సులు మారాలి.

అక్క పురిటికి వచ్చింది. బిడ్డ పుట్టి వారమైనా పాలు చాలడం లేదు. గుంటడు ఏడుస్తుంటే అక్కా ఏడ్చేది. మా వైపు దీనికి మందొకటే, పాలసొర చేప. ఉడకబెట్టి, తోలు వొలిచి, వేళ్ళతో చిదిమి, వెల్లుల్లి దట్టించి పుట్టు చేసి బాలింతకి పెడతారు. మేమిద్దరం ఆ పుట్టు చలవతోనే పెరిగామని అమ్మ నమ్మకం. రోజూ నన్ను చూస్తూ కూడా ఆ నమ్మకం సడల్లేదు.

పూడిమడక నుంచి ఆటోలో చేపలు తెచ్చే ఆవిడని అమ్మ రోజూ అడిగేది. ఆవిడ రోజూ తల అడ్డంగా ఊపేది.

"సొర ఎక్కడుందమ్మా? సన్నకన్ను వలలేసి పిల్లా తల్లీ లేకుండా ఊడ్సేస్తన్నారు. సన్నపిల్లలన్నీ ఎండబెట్టి కోళ్ళ మేతకి లారీలెక్కించేస్తన్నారు."

"మీవోళ్ళకి సెప్పలేవేటే?"

"మావోడూ అదే వలేస్తన్నాడు. ఈడు మానేస్తే పక్క బోటోడు ఊడ్సుకుపోతాడు."

చివరికి ఒకరోజు తెచ్చింది. మూరన్నర ఉంటుంది. అమ్మ దాన్ని పసిబిడ్డలా రెండు చేతులా అందుకుంది. ఆవిడే కత్తిపీట ముందు కూచుని పొట్ట చీరింది.

లోపల పిల్లలున్నాయి. కళ్ళూ రెక్కలూ వచ్చేసి, ఇవాళో రేపో పుట్టాల్సినవి.

ఇలాంటప్పుడు జోకు వెయ్యడం ఇంట్లో నా డ్యూటీ. "ఇదీ పురిటికే వచ్చిందే" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

"వీటిని సముద్రంలో వొదిలేస్తే బతుకుతాయేటే?" అంది అమ్మ.

"ఐసులో వొచ్చేయి తల్లీ."

గదిలోంచి అక్క అరిచింది. "అయ్యిందేటే అమ్మా?"

"అవుతంది, నువ్వు పడుకో."

అమ్మ ఆ సొరపిల్లల్ని కరివేపాకు మొక్క కింద పాతింది. తల్లిని పొయ్యి మీద పెట్టింది. సాయంత్రానికి పిల్లి తవ్వుకుపోయింది.

అక్క పుట్టు తిని బాగుందంది. పాలు మాత్రం పడలేదు. చేపలావిడ మళ్ళీ వచ్చినప్పుడు ఇంకోటి తెమ్మని అమ్మ అడగబోతే, "ఇదే కనపడక కనపడక కనపడింది" అనేసి ఆవిడ బుట్ట ఎత్తుకుంది. మా గుంటడి పెళ్ళాం బాలింతయ్యేనాటికి ఆ పుట్టు చేసే అమ్మా ఉండదు, సొరా ఉండదు.

మర్నాడు డాక్టరమ్మ పాలపొడి రాసింది. ఆ డబ్బా మూత తీసాక నెల లోపల వాడెయ్యాలి.