గురువారం సీసాలు

అమ్మ ఉండి ఉంటే నా పురుడు తొర్రూరులో జరిగేది. ఆమె పోయి రెండేళ్లయింది కాబట్టి భూపాలపల్లిలో, బొగ్గుగని క్వార్టర్‌లోనే బాలింతగా ఉండిపోయాను. మా ఆయనకు షిఫ్టులు. ఇంట్లో ఉంటే నిద్ర, లేస్తే డ్యూటీ. పక్క క్వార్టర్ వాళ్లు మంచివాళ్లే, కాకపోతే తలుపు తీయని మంచివాళ్లు. రోజంతా పాపతోనే మాట్లాడేదాన్ని. అది వినేది, బదులు చెప్పేది కాదు.

నాకు పాలు ఎక్కువ. పాప తాగాక కూడా జాకెట్ తడిసిపోయేది. తల్లిపాలు కాళ్ల కింద పడకూడదని అమ్మ అనేది, అందుకే వాటిని పిండి, కరివేపాకు కుండీలో పోసేదాన్ని. టీకా కోసం దవాఖానకు పోయినప్పుడు ఈ మాట చెబితే అక్కడి నర్సు నవ్వలేదు. నెలలు నిండక పుట్టి, తల్లికి పాలు పడని పిల్లలు లోపల ఉన్నారని, మిగిలినవి వాళ్లకు ఇస్తావా అని అడిగింది. నాకు రక్తపరీక్షలు చేయించి, శుభ్రం చేసిన సీసాలు ఇచ్చింది. ఫ్రిజ్ పైఅరలో గడ్డకట్టించి ఉంచితే, గురువారం గురువారం ఐస్‌పెట్టెతో తానే వచ్చి తీసుకుపోతానంది.

అన్నట్టే వచ్చేది. మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, చాయ్ తాగి, పాపను ఒళ్లో వేసుకుని, దేవరుప్పుల దగ్గరి తన ఊరి ముచ్చట్లు చెప్పేది. నన్ను చెల్లె అనేది, నేను అక్కా అనేదాన్ని. ఉండేది అరగంట. వారం మొత్తానికి నాకు దొరికే మనిషి ఆమె ఒక్కతే. బుధవారం నుంచే ఇల్లు సర్దడం మొదలుపెట్టేదాన్ని. గనిలో తోటివాళ్లకు మా ఆయన నా గురించి గొప్పగా చెప్పుకున్నాడట. కొన్నాళ్లు నేనూ పుణ్యాత్మురాలినే అనుకున్నాను.

ఐదో నెలలో పాలు తగ్గాయి. సీసాలు నిండకపోతే అక్క రాదన్న భయం పట్టుకుంది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను: పాపకు డబ్బా పాలు కలిపి పట్టి, నా పాలు సీసాల్లోకి పిండాను. పాప మొహం తిప్పుకునేది, తాగినదాంట్లో సగం కక్కేది. అయినా రెండు వారాలు అలాగే నెట్టుకొచ్చాను.

మూడో గురువారం అక్క పాపను ఎత్తుకుని, ఇంత తేలికైందేమని అడిగింది. ఇంతలో వంటింటి గట్టు మీద పాలడబ్బా ఆమె కంటబడింది.

“మాకు మిగిలిన పాలే గావాలె చెల్లె. గీ పిల్ల నోటికాడియి గాదు,” అంది.

గొంతులో కోపం లేదు. ఎందుకు చేశావని అడిగింది. దవాఖానలో పిల్లలు గుర్తొస్తే ప్రాణం ఆగలేదని చెప్పాను. ఎంత చక్కటి అబద్ధమో. ఆమె నమ్మి నా తల నిమిరి, నీ మనసు పెద్దదంది. సీసాలు నా దగ్గరే వదిలేసి, అవి పాపకే పట్టమంది. పోతూ పోతూ, పాలు లేకున్నా ఊరికే వస్తుంటానంది.

రాలేదు. ఆమె తప్పేమీ లేదు, పాలున్న ఇళ్లకు తిరగాలి కదా. పాప మళ్లీ నా దగ్గరే తాగి బొద్దుగా అయింది. నాలుగు గురువారాలు చూసి నేనే ఫోన్ చేశాను. పాప బరువు అడిగింది, చెప్పాను. అవతల ఎవరో పసివాళ్లు ఏడుస్తున్నారు, ఆమె తొందరలో ఉంది.

“ఏమన్న గావాల్నా చెల్లె?” అంది.

“ఏం వద్దక్కా,” అన్నాను.