కుడి గీతలు, ఎడమ గీతలు

లెక్కల బాధ పడలేక తొమ్మిదిలోనే బడి మానేశాను. ఆ లెక్కలు ఆక్లాండ్‌లో ఐస్ హాకీ రింకు దాకా నన్ను వెతుక్కుంటూ వస్తాయని ఎవరనుకుంటారు?

మా అమ్మాయి అక్కడి ఆడపిల్లల జట్టులో డిఫెన్స్ ఆడుతుంది, అంటే వెనక నిలబడి గోల్ పడకుండా కాయడం. క్రైస్ట్‌చర్చ్ టోర్నమెంటుకు అందరినీ తీసుకెళ్లరు. అందులో చోటు దొరకాలని అన్నం ముందు కూర్చున్నా దానికి అదే ధ్యాస. జట్టు లెక్కలన్నీ కోచ్‌కి కంప్యూటర్లో కట్టి ఇచ్చేది ఇంకో అమ్మాయి తండ్రి. వెల్లింగ్టన్‌లో ఐటీ కాంట్రాక్టు ముగించుకుని మౌంట్ ఆల్బర్ట్‌లో మా వీధికి దిగిన వరంగల్ తమ్ముడు. ఒకరోజు నా చేతిలో అట్టా, పెన్సిలూ పెట్టాడు.

"సింపుల్ అన్నా. నీ బిడ్డ ఐస్ మీద ఉన్నప్పుడు మనోళ్లు షాట్ కొడితే కుడిదిక్కు గీత. అవతలోళ్లు కొడితే ఎడమదిక్కు. గోలైనా, పక్కకు పోయినా ఒకటే గీత. పక్ ఎవరి దగ్గర ఎక్కువున్నదో దాంతోనే తెలుస్తది."

పక్ అంటే వాళ్లు కర్రలతో కొట్టుకునే నల్ల రబ్బరు బిళ్ళ.

"గోలైనా గోడకు కొట్టినా ఒకటే మార్కా? మా బళ్లో ఇలా వేసుంటే ఈపాటికి నేను కలెక్టర్ని!"

నవ్వాను గానీ, లోపల పొంగిపోయాను. నన్ను నమ్మి లెక్క అప్పగించినవాడు జీవితంలో అతనొక్కడే.

నెల తిరిగేసరికి, కుడి గీతల్లోంచి ఎడమవి తీసేస్తే వచ్చే నంబర్లో జట్టు మొత్తానికీ అడుగున ఉన్నది మా అమ్మాయే. ఎడమవైపు గీతలు చీమల బారులా ఉన్నాయి. కారులో నా నోరు ఊరుకోలేదు, నవ్వుతూ అన్నాను.

"నీకన్నా ఐస్ చదును చేసే బండి నయమే తల్లీ. అది వచ్చినప్పుడైనా అవతలివాళ్లు కొట్టడం ఆపుతారు."

"కోచ్ చూశారా నాన్నా?"

"చూశారు."

అది అటు తిరిగి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

తరవాతి శనివారం మ్యాచ్‌లో అది తన చోట నిలబడలేదు. పక్ కనిపిస్తే చాలు ముందుకు దూకడం, ఎక్కడపడితే అక్కణ్ణుంచి కొట్టడం. వెనక అది ఉండాల్సిన చోటు ఖాళీ. అందులోంచే అవతలివాళ్లు నాలుగు గోల్స్ కొట్టి, ఇక చాలన్నట్టు వెనక్కి తగ్గి తమ గోల్ ముందు మూగారు. మనవాళ్లు దూరం నుంచి కొడుతూనే ఉన్నారు. నా కాగితం కుడివైపు నిండిపోయింది. మనకు ఒక్క గోలూ రాలేదు.

తమ్ముడు పరుగున వచ్చాడు. "అన్నా, ఇయ్యాల నీ బిడ్డ నంబర్ టీంల టాప్!"

"ఓడిపోయాం కదయ్యా!"

"అది లక్ అన్నా. పక్ అయితే మనదే."

నేను సిటీ బస్సు నడుపుతాను. రోడ్డు తవ్విపోసిన రూటే రోజూ నాకు వేస్తారు. ఆలస్యాల పట్టికలో పైనుండేది నేనే. డ్రైవరు సంగతి సరే, రోడ్డెలా ఉందో చూడరా అని డిపోలో ఎంత గొడవ చేశానో! ఇక్కడా అదే కథ. పక్ మన గోల్ ముందున్నప్పుడు, అవతల గట్టివాళ్లు దిగినప్పుడు కోచ్ పంపేది మా అమ్మాయినే. ఎడమ గీతలు పెరగక ఏమవుతాయి? అది వాళ్లను గోడవారకు నెట్టేస్తే అక్కణ్ణుంచి కొట్టినవి మన గోల్‌కీపర్ ఆవలిస్తూ పట్టుకునేది. నేను మాత్రం వాటన్నిటికీ తలొంచుకుని గీతలు గీశాను. తలెత్తి ఆట చూసిందెప్పుడు?

"తమ్ముడూ, ఆ నంబర్ తప్పు. దాన్ని ఎప్పుడు దించారో, షాట్ ఎక్కణ్ణుంచి కొట్టారో కూడా రాయాలి. నాలుగు గోల్స్ ముందున్నవాడికి మళ్ళీ కొట్టే పనేముంది?"

అతను నన్ను వింతగా చూశాడు. "తక్కువున్నప్పుడు ఏమనకపోతివి. ఇప్పుడు పెరిగినంక గట్లంటవేందన్నా? రేపే లిస్ట్. కోచ్‌కు చెప్పమంటవా?"

చెప్పమనలేకపోయాను.

లిస్టులో మా అమ్మాయి పేరుంది. ఇల్లంతా గెంతింది. బ్యాగు సర్దుకుంటుంటే దగ్గరికెళ్లి మెల్లగా అన్నాను.

"అక్కడ ముందుకు పరిగెత్తకమ్మా. నీ పాత చోటే బాగుంది. నువ్వు అక్కడున్నావు కాబట్టే గోల్స్ పడలేదు. నాకే తెలియలేదు."

"రియల్లీ?" స్కేట్లు బ్యాగులో కుక్కుతూ, నాకేసి చూడకుండానే అడిగింది. "మరి అక్కడున్నప్పుడు నవ్వావెందుకు నాన్నా?"