గుమ్మంలో పట్టని గుమ్మటం

మా ఆయన ఇళ్లు కట్టే మేస్త్రి అయ్యుంటే నాకీ బాధలు ఉండేవి కావు. ఇల్లన్నాక తలుపుంటుంది, కిటికీ ఉంటుంది, లోపల మనిషి మసలడానికి చోటుంటుంది. ఈయన చేసేవన్నీ స్తూపాలు. వాటికి తలుపుండదు, కిటికీ ఉండదు, లోపల ఖాళీ అసలే ఉండదు. ప్రదర్శనశాలలకీ బడులకీ నమూనాలు చేసివ్వడం ఈయన వృత్తి. మొదట్లో కోటలూ ఓడలూ వంతెనలూ అన్నీ చేసేవారు. ఎవరో ఒకసారి స్తూపం అడిగారు. అంతే, మనిషి ఆ గుండ్రం దగ్గర ఆగిపోయారు. వీధిలో అందరూ ఈయన్ని గుమ్మటాలాయన అంటారు. నన్ను గుమ్మటాలావిడ అనబోయారు గానీ, నా నోటికి భయపడి మానుకున్నారు.

ముందు గదిలో ఈయన పని, వెనక గదిలో నా వంట, మధ్యలో ఒక్క గోడ. పెళ్లయిన కొత్తలో ఒకరోజు నేను వడ్డించడానికి వచ్చేసరికి, ఉతికి పెట్టుకున్న నా చీరని చదరంగా మడిచి, దాని మీద భోజనం గిన్నె బోర్లించి, గిన్నె నెత్తిన గరిటె నిలబెట్టి కూర్చున్నారు. ఏమిటిదంటే, స్తూపం ఎలా ఉండాలని శిష్యులు అడిగినప్పుడు బుద్ధుడు ఇలాగే చూపించాడని ఒక కథ ఉందట. మడిచిన వస్త్రం, దాని మీద బోర్లించిన భిక్షాపాత్ర, ఆపైన చేతికర్ర.

"ఇది కట్టడం కాదు, బాసింపట్టు వేసుక్కూర్చున్న మనిషి" అన్నారు.

"ఆ మనిషికి చెప్పి మన గిన్నె ఇప్పించండి, వడ్డించాలి" అన్నాను.

ఊరు దాటని మనిషి, ఆసియా అంతా నాకు షెల్ఫు మీదే తిప్పి చూపించారు. సాంచిది అర్ధగోళం, చుట్టూ కంచె, నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు. పైన గొడుగు ఎందుకంటే, రాజుకి పట్టే గొడుగు ఇక్కడ లోపల దాచిన బుద్ధుడి చితిలోని చిటికెడు బూడిదకి పడతారన్నమాట. శ్రీలంకకి వెళ్లేసరికి అది తెల్లటి నీటిబుడగ అయింది. బతుకు ఎంతసేపో గుర్తు చేయడానికట. బర్మాలో బంగారు పూత పూసుకున్న గంట. టిబెట్‌లో కింది నుంచి పైకి ఐదు భాగాలు, మన్ను, నీరు, నిప్పు, గాలి, ఆకాశం. నేపాల్ దానికి నాలుగు వైపులా కళ్లున్నాయి. నేను ఏ మూల నిలబడ్డా నన్నే చూస్తుంటే ప్రాణం విసిగి దాని మీద తువ్వాలు కప్పాను. ఈయన తీసేశారు, నేను మళ్లీ కప్పాను. జావాది ఏకంగా కొండంత మెట్లగుట్ట, మీద చిల్లుల గంటలు, ఒక్కో గంటలో ఒక్కో బుద్ధుడు. చైనా చేరేసరికి పొట్ట కరిగిపోయి, నెత్తి మీది గొడుగులే అంతస్తులై నిటారుగా లేచిందట.

"ప్రయాణాలు చేస్తే ఎవరికైనా పొట్ట తగ్గుతుంది. మీరూ కాస్త అలా నడిచి రండి" అన్నాను. రెండు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడారు.

పైగా ఇంటికి ఎవరొచ్చినా ఆ పనిబల్ల చుట్టూ కుడిచేతి వైపు ఉంచుకునే తిరగాలి. స్తూపానికి అదే మర్యాద. గ్యాస్ బండ మోసుకొచ్చిన మనిషిని కూడా చుట్టూ తిప్పి గానీ వంటింట్లోకి పంపేవారు కాదు.

ఇలాంటి కొంపలోకి మా కోడలు వచ్చింది. మావాడు ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. వాడికి ఈ సున్నం పని అంటే గిట్టదు. ఈ పిల్ల మాత్రం వచ్చిన వారానికే కొంగు దోపుకుని ముందు గదిలో జల్లెడ పట్టడం మొదలుపెట్టింది. ఇంకొన్నాళ్లకి, ఎవరూ చెప్పకుండానే, కుండంత స్తూపం ఒకటి తనంతట తానే చేసింది. అండం, అంటే ఆ గుమ్మటం, ఒక పక్కకి ఒరిగింది. పైన గొడుగు ఇంకో పక్కకి ఒరిగింది. బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

ఈయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, దాని చుట్టూ తిరిగారు. కుడి వైపుగానే లెండి. తిరిగి తిరిగి, "ఇది స్తూపం కాదమ్మా. నిద్రొచ్చి తూలుతున్న స్తూపం" అన్నారు. అని, జల్లెడలు కడగమన్నారు.

మర్నాడు పొద్దున బల్ల ఖాళీ.

"నా స్తూపం ఏది మామయ్యా?"

"పగలగొట్టేశాను. పొడి పనికొస్తుంది."

ఆ పిల్ల జల్లెడ తీసుకుని పనిలో పడింది. కానీ ఆ తర్వాత మళ్లీ అండం జోలికి పోలేదు. గొడుగులు చేసేది, కంచెలు చేసేది, ద్వారాల మీద గోరంత ఏనుగులూ తామరలూ చెక్కేది. ఆ వేళ్లలో ఏముందో గానీ, చూస్తే ముద్దొచ్చేవి. ఈయన తీసుకుని, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, తీసుకెళ్లి అతికించుకునేవారు. బాగుందన్న మాట ఆ నోట రాలేదు. నా వంటకీ ఎప్పుడూ రాలేదనుకోండి. కాకపోతే నేను గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడి చెప్పించుకుంటాను. ఆ పిల్లకి అడగడం చేతకాదు.

ఇలా ఏళ్లు గడిచాయి. ఈలోగా మూలన ఒక పెద్ద గుమ్మటం పెరుగుతూ వచ్చింది. ఏ పనిలో ముద్ద మిగిలినా, కాగితపు గుజ్జు మిగిలినా, సున్నంలో ముంచిన గోనె పేలికలు మిగిలినా, ఈయన తీసుకెళ్లి దాని మీద మెత్తేవారు. పారేయడానికి ప్రాణం ఒప్పని పిసినారితనం అనుకున్నాను. ఏడాదికేడాది అది ఒళ్లు చేస్తోంది. కింద చక్రాల పలక కూడా వేయించారు దానికి.

ఈ ఏడాది ఇంకో ఊళ్లో పెద్ద నమూనాల కార్ఖానా వాళ్లు మా కోడల్ని పనిలోకి రమ్మన్నారు. మావాడికి ఏ ఊళ్లోనైనా ఆస్పత్రి దొరుకుతుంది. ఆ పిల్ల నా దగ్గర కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"వెళ్లాలని లేదత్తయ్యా. మామయ్య ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నా పని బాగుందంటే ఇక్కడే ఉండిపోతాను. మీరు చెప్పి అనిపించకండి, అలాంటిది నాకొద్దు."

చెప్పొద్దంటే ఊరుకునే మనిషినా నేను! ఈయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. "ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోతుంది? పిల్ల వెళ్లిపోతుందండీ" అన్నాను.

"బాగోకపోతే చెప్తాగా. చెప్పలేదంటే బాగున్నట్టే" అన్నారు. మొహం మాత్రం అటు తిప్పుకున్నారు. వెళ్లిపోతుందన్న దిగులు ఆయనకీ ఉందని నాకు తెలుసు. దిగులుంటే ఈయన ఎక్కువ సున్నం కలుపుతారు.

అప్పుడే ప్రదర్శనశాలలో స్తూపాలకని ఒక గది తెరవబోతూ అక్కడి అధికారిణి మా ఇంటికొచ్చింది. చలాకీ మనిషి. షెల్ఫు మీదవన్నీ తీసుకుంటానంది. మూలనున్న పెద్ద గుమ్మటం చూసి, గది మధ్యలో ఇదే ఉండాలంది. మాటల్లో, "పాత స్తూపాలు చాలావరకు ఇలాగే పెరిగాయి మేస్త్రిగారూ. ముందు తరం వాళ్లు కట్టింది చిన్నదైతే, తర్వాత వాళ్లు దాన్ని పడగొట్టకుండా, చుట్టూ ఇంకోటి కట్టేసేవాళ్లు. సాంచిలో కూడా రాతి పొర లోపల పాత ఇటుకల స్తూపం ఉంది" అంది. ఈయన చెవులు ఎర్రబడ్డాయి. నాకు అప్పుడు అర్థం కాలేదు.

"బయటికి తీసేటప్పుడు గుమ్మం కొలతలు చూసుకున్నారా?" అని కూడా అడిగింది ఆవిడ.

"మా గుమ్మం సంగతి నాకు తెలియదా మేడమ్!" అన్నారు ఈయన.

వ్యాను వచ్చిన రోజు చూడాలి మా వైభవం. చిన్నవన్నీ ఎక్కాయి. పెద్దదాన్ని తోసుకుంటూ గుమ్మం దాకా తెచ్చారు. అది వచ్చి గుమ్మానికి మూతలా కూర్చుంది. అటు తిప్పారు, ఇటు తిప్పారు. గుండ్రటిదాన్ని ఎటు తిప్పితే ఏముంది? ఇన్నేళ్లుగా మెత్తుతున్న మనిషికి, గుమ్మం పెరగదన్న సంగతి తోచలేదు.

"నిలువునా రెండుగా కోసేద్దాం. నిజానికి అదే మంచిది, లోపలి పొరలు జనానికి కనిపిస్తాయి" అంది అధికారిణి.

"కుదరదు" అన్నారు ఈయన. కోస్తే చిట్లుతుందన్నారు. తేమ పడుతుందన్నారు. స్తూపాన్ని కోయడం పాపం అన్నారు. దేనికీ చెయ్యెత్తి దణ్ణం పెట్టని మనిషి పాపం అంటుంటే నేను నోరు తెరుచుకుని చూశాను. ఆఖరికి, "గోడ పడగొడదాం" అన్నారు.

"ఏ గోడ?"

"వంటింటి గోడ. అటు నుంచి పెరటి తలుపు వెడల్పే."

"నా వంటిల్లా!" అని అరిచాను. వ్యాను డ్రైవరు కూడా ఉలిక్కిపడ్డాడు.

మా కోడలు వెళ్లి, రెండు పిడుల పొడుగు రంపం తెచ్చింది. "మీరు పక్కకి జరగండి మామయ్యా. ఇది నా ఆఖరి పని, ఇవాళ అయిపోవాలి" అంది. రెండో పిడి నేను పట్టుకున్నాను. అత్తాకోడళ్లం చెరో పక్క నిలబడి లాగుతున్నామని వీధంతా వచ్చి కిటికీ దగ్గర గుమిగూడింది. లాగుతున్నది రంపాన్నని తెలిశాక కొందరు నిరాశపడి వెళ్లిపోయారు.

రంపం దిగుతోంది. తెల్ల పొర, బూడిద పొర, గోనె పొర, మళ్లీ తెల్ల పొర. ఈయన కాలు కాలిన పిల్లిలా చుట్టూ తిరుగుతున్నారు. చూద్దును కదా, ఎడమ వైపుగా తిరుగుతున్నారు! నా కాపురంలో అలా తిరగడం ఎన్నడూ చూడలేదు.

"ఆగండి!" అన్నారు ఒక్కసారిగా. "మధ్యకి కోయొద్దు. లోపల నీది ఉందమ్మా."

"నాదేంటి?" అంది కోడలు.

"నీ స్తూపం."

రంపం ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"పగలగొట్టానన్నారుగా."

"సుత్తి ఎత్తాను. మళ్లీ దించేశాను. నా మొదటిది దీనికన్నా అన్యాయంగా ఉండేది. దాన్ని మా గురువు పగలగొట్టాడు, ఆయన్ని నేనిప్పటికీ క్షమించలేదు." "పగలగొట్టడానికి చెయ్యి రాలేదు. బాగుందనడానికి నోరు రాలేదు. అందుకని కప్పేశాను. ఏమైనా మిగిలితే చాలు, దాని మీదే కప్పుతూ వచ్చాను."

కోడలు రంపం వదిలేసింది. వచ్చిన ఇన్నేళ్లకి మొదటిసారి నోరు తెరిచి అడిగింది. "బాగుందా మరి?"

"వంకరగా ఉంది" అన్నారు.

చేతిలో రంపం పిడి ఉంది గనక సరిపోయింది గానీ, లేకపోతే ఆ రోజు ఈయన్ని ఏం చేసేదాన్నో.

"వంకరగా ఉంది, నిజమే. కానీ బాగుంది. ఆ రోజే బాగుంది. తర్వాత నువ్వు చేసినవన్నీ నేను చేసినవాటికన్నా బాగున్నాయి. వెళ్లొద్దమ్మా."

ఆ పిల్ల సున్నం చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కాసేపటికి అది తల ఎత్తి, "ఈ మాట నిన్న అనాల్సింది మామయ్యా" అంది. "వస్తానని పొద్దునే మాటిచ్చేశాను. నా కోసం వాళ్లు ఇంకొకర్ని వద్దనుకున్నారు కూడా."

ఈయన ఆ పిల్ల వదిలేసిన రంపం పిడి అందుకున్నారు. ఇచ్చిన మాట తప్పమని ఎవరితోనూ అనే మనిషి కాదు.

రంపాన్ని పక్కకి జరిపి, గుమ్మంలో పట్టేంత మేర ఒక వైపు చెక్కు మాత్రం కోసి తీశాం. లోపల పొరల నడుమ ఆ బుల్లి స్తూపం, తూలుతున్న అండంతో, పక్కకి ఒరిగిన గొడుగుతో, చెక్కు చెదరకుండా ఉంది. అధికారిణి దాన్ని ఎవరూ ముట్టుకోకూడదంది. అలాగే వ్యానెక్కించి, అలాగే గది మధ్యలో పెట్టించింది. నెల తిరక్కుండా కోడలూ కొడుకూ ఊరు మారారు.

ఇల్లు బోసిపోయింది. గుమ్మం ఎంత విశాలంగా ఉందో ఇప్పుడు తెలుస్తోంది. ఈయన పని తగ్గించారు. భోజనానికి కూర్చుని, అడక్కుండానే, "కూర బాగుంది" అంటున్నారు. నాకు భయమేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామా అనుకున్నాను.

నిన్న కోడలు ఫోన్ చేసింది. "మామయ్యా, ఇక్కడ మొదటిసారి అండం ఎత్తాను. నేనొక్కదాన్నే చేశాను. ఫొటో పంపుతున్నా, చూసి ఎలా ఉందో చెప్పండి" అంది.

ఈయన ఫోన్ రెండు చేతులతో పట్టుకుని, "బాగుందమ్మా, చాలా బాగుంది" అన్నారు.

"ఇంకా పంపలేదు మామయ్యా" అంది అది.

"పర్లేదు, ముందే చెప్తున్నా" అన్నారు ఈయన.