తక్కువమంది ఉన్న గోడ

థర్లో తాత ఒక పక్కన నిలబడ్డాడంటే ఆ పక్క ఓడిపోతోందని అర్థం.

టెన్నీ మిల్స్ ఊళ్ళో రేడియోలో చెప్పే వాతావరణాన్ని ఎవరూ నమ్మరు గానీ, దీన్ని మాత్రం అందరూ నమ్ముతారు. ఎక్కడ రెండు పక్షాలుంటే అక్కడ తాత ముందు తలలు లెక్కపెడతాడు. ఎటు తక్కువైతే అటు వెళ్ళి కూర్చుంటాడు. కూర్చున్నాక అటు జనం పెరిగారా, కుర్చీలో ముల్లు గుచ్చుకున్నట్టు లేచి రెండో వైపుకు పరిగెడతాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. మోకాళ్ళు కిర్రుమంటాయి. అయినా ఆగడు.

కొన్నాళ్ళు ఊరివాళ్ళు ఆయన్ని గోడమీద పిల్లి అన్నారు. ఆయన భార్య ఆర్లీన్ మామ్మ ఒప్పుకోలేదు.

"గోడమీద పిల్లికి బుద్ధుంటుంది. పాలున్న వైపు దూకుతుంది. మా ముసలాయన పాలు ఒలికిపోయిన వైపు దూకుతాడు" అంది.

బడి పిల్లల బేస్‌బాల్ ఆటకు వెళ్తే తాత కోటు కుడి జేబులో ఒక జట్టు టోపీ, ఎడమ జేబులో ఇంకో జట్టు టోపీ ఉంటాయి. ఒకసారి ఆట నువ్వా నేనా అన్నట్టు సాగింది. ఆ మధ్యాహ్నం తాత పదకొండుసార్లు మైదానం చుట్టూ తిరిగి టోపీ మార్చాడు. ఆట అయ్యేసరికి ఆటగాళ్ళకంటే ఆయనకే ఎక్కువ చెమట పట్టింది. చివరికి ఎవరు గెలిచారని అడిగితే, "ఏమో, ఓడినవాళ్ళ పేర్లు చెప్పనా?" అన్నాడు.

చర్చిలో శనివారం ఉడికించిన బీన్స్ గింజల విందు జరిగితే బల్లమీద ఎనిమిది ఇళ్ళవాళ్ళు వండి తెచ్చిన ఎనిమిది కుండలుంటాయి. మామ్మ కుండ పావుగంటలో ఖాళీ. తాత పోయి ఎవరూ ముట్టని కుండ వెతుక్కుంటాడు. అడుగంటిపోయి, పొగ కంపు కొడుతూ, గరిటె నిలువునా నిలబడే బీన్స్ రెండు పళ్ళేలు తిని, వండినావిడ వినేలా "బ్రహ్మాండం" అంటాడు.

"నలభై తొమ్మిదేళ్ళ కాపురం. నా బీన్స్ ఒక్కసారైనా రుచి చూశావా నువ్వు?" అని మామ్మ నిలదీసింది.

"నీ కుండ దగ్గర వరస ఉంటుందే!" అన్నాడు తాత. రాత్రంతా కడుపు పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు.

తొంభై ఎనిమిది ఫిబ్రవరిలో, ఆ ఊరున్న మెయిన్ అనే అమెరికా రాష్ట్రమంతా ఓటు వేసింది. మగవాణ్ణి ప్రేమించే మగవాడనో, ఆడదాన్ని ప్రేమించే ఆడదనో చెప్పి ఇల్లు, ఉద్యోగం, కొట్లో సరుకు ఇవ్వననకూడదనే చట్టం ఉండాలా వద్దా అన్నది ప్రశ్న. మాట నిలబెట్టుకునే హక్కు మాకూ ఉంది, మా దేవుడికి ఇచ్చిన మాట సంగతేమిటని చర్చిలవాళ్ళు అడిగారు. తాత రోజూ పొద్దున్నే బండి తీసి రోడ్డు పొడుగునా తమ ఓటు ఎటో రాసి ఇళ్ళముందు జనం పాతిన అట్టలు లెక్కపెట్టాడు. సోమవారం "ఉండాలి" అట్ట పాతాడు. బుధవారం పీకి "వద్దు" అట్ట పాతాడు. శుక్రవారానికి నేల రాయిలా గడ్డకట్టింది, అట్ట పీకడానికి రాలేదు. పక్కనే రెండోదీ పాతాడు. ఉత్తరాలు తెచ్చేవాడు ఇదేదో కొత్త మతం అనుకున్నాడు.

చట్టం కొద్ది తేడాతో పోయింది. గొడవ పోలేదు. నెల తిరక్కుండా టెన్నీ మిల్స్‌కు వచ్చి పడింది.

పాఠశాల బస్సు నడిపే లియోన్ తిబొడో, అతని తోడు క్రెయిగ్ అద్దెకుండే ఇంటి యజమానురాలు చనిపోయింది. వారసులు ఇల్లు అమ్మేశారు. ఏప్రిల్ ఒకటికల్లా ఖాళీ చెయ్యాలి. ఊరు మొత్తానికి ఖాళీగా ఉన్నవి మిల్టన్ డౌ దాణా కొట్టు మీది మూడు గదులే. మిల్టన్ చర్చి పెద్ద. అబద్ధమాడడు, తాగడు, ఆదివారం చేపలు కూడా పట్టడు. లియోన్‌ను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి మరీ, "నీ మీద కోపం లేదు నాయనా. నా మతం ఒప్పుకోదు" అన్నాడు. దాంతో కొందరు కలిసి, ఊళ్ళో ఎవరూ ఆ కారణంతో ఇల్లు కాదనకూడదని మార్చి నెల ఊరి సభకు తీర్మానం పెట్టారు. ఇరవై మూడో అంశం.

ఈ మిల్టనే తాతకు యాభై ఏళ్ళ స్నేహితుడు. చలికాలమంతా గడ్డకట్టిన చెరువు మీద ఇద్దరూ ఒక చెక్క గుడిసె లాక్కుపోయి, మంచుకు చిల్లుపెట్టి, గాలం వేసి, ఒక్క మాటైనా ఆడకుండా కూర్చుంటారు. తాత కుదురుగా కూర్చునే చోటు ప్రపంచంలో అదొక్కటే. అక్కడ ఉండేది రెండే తలలు, లెక్క సరిపోతుంది.

టెన్నీ మిల్స్‌లో చట్టాలు చేసేది ఊరే. ఓటున్న ప్రతివాడూ ఏడాదికొకసారి ఊరి హాల్లో కూర్చుని చేతులెత్తుతాడు. చేతుల లెక్క తేలకపోతే సభ నడిపే హెస్టర్ లిబ్బీ సుత్తితో బల్ల కొట్టి "గోడలకు!" అంటుంది. అవునన్నవాళ్ళు కిటికీల గోడకు, కాదన్నవాళ్ళు పొయ్యి ఉన్న గోడకు వెళ్ళి నిలబడాలి. మార్చి చలికి కిటికీల గోడ దగ్గర ముక్కులు ఊడిపోతాయి. ఆ ఊళ్ళో ఎన్నో మంచి తీర్మానాలు కేవలం చలికి ఓడిపోయాయి.

సభ జరిగిన శనివారం నూట పదిహేడు మంది వచ్చారు. ముందు మిల్టన్ లేచాడు. టోపీ చేతుల్లో నలుపుతున్నాడు.

"నేనెవరిమీదా రాయి విసరలేదు. నా కప్పు కింద జరిగేదానికి రేపు పైన నేను జవాబు చెప్పుకోవాలి. ఆ జవాబు ఈ ఊరు చెబుతుందా? చట్టం చేశారు కాబట్టి గదులిచ్చానంటే ఆయన ఊరుకుంటాడా?"

ఎవరూ నవ్వలేదు. తర్వాత లియోన్ లేచాడు.

"మిల్టన్ గారూ, మీ చర్చిలో పెళ్ళి చెయ్యమనలేదు. పడుకోడానికి మూడు గదులడిగాను. పదహారేళ్ళుగా ఈ ఊరి పిల్లల్ని మంచులో బడికి దింపుతున్నాను. బస్సెక్కించేటప్పుడు ఏ తల్లీ నువ్వెవరితో ఉంటున్నావని అడగలేదే!"

చేతులెత్తారు. తేలలేదు. హెస్టర్ సుత్తి కొట్టింది. "గోడలకు!"

మొదట కిటికీల వైపు పోయింది ఇరవై మందే. తాత అటు ఉరికాడు. ఆయన్ని చూసి పొయ్యి దగ్గర ఒకడు, "ఇంకేం, మనమే గెలిచాం" అని చేతులు కాచుకున్నాడు. కానీ జనం ఒక్కొక్కరే కోటు బొత్తాలు పెట్టుకుంటూ కిటికీల వైపు నడవడం మొదలుపెట్టారు. ఎక్కువమంది బస్సెక్కే పిల్లల తల్లులు. హెస్టర్ వేలు చూపిస్తూ లెక్కపెట్టింది.

"కిటికీలు యాభై తొమ్మిది. పొయ్యి యాభై ఎనిమిది."

తాత ముఖం మాడిపోయింది. ఎక్కువైంది! వెంటనే హాలు దాటి పొయ్యి దగ్గరకొచ్చేశాడు.

"థర్లో గారూ, నేనింకా రాసుకోలేదు!" అని హెస్టర్ మళ్ళీ లెక్కపెట్టింది. "పొయ్యి యాభై తొమ్మిది. కిటికీలు యాభై ఎనిమిది."

తాత మళ్ళీ కిటికీలకు పరిగెత్తాడు. మళ్ళీ లెక్క. తాత మళ్ళీ పొయ్యికి. నాలుగోసారికి ఆయన బూట్ల వెంట నేలమీద బురద చార పడింది. హెస్టర్ సుత్తి పక్కన పడేసింది.

"ముప్ఫై ఏళ్ళు రెండో తరగతికి లెక్కలు చెప్పాను, ఇలాంటి పిల్లాణ్ణి చూళ్ళేదు. అయ్యా, తేడా మీరే! మీరెటు నిలబడితే అటు గెలుస్తుంది."

"మరి ఓడే పక్క ఏది?"

"మీరు లేని పక్క."

తాత హాలు మధ్యలో ఆగిపోయాడు. పాపం, జీవితంలో ఒక్క ఓటు గెలవనివాడు. ఒక కాలు అటు వేశాడు, తీశాడు. ఇటు వేశాడు, తీశాడు. కింద వంటింట్లోంచి డోనట్ల వాసన పైకొస్తోంది.

"ఇటు రా థర్లో!" అని పొయ్యి దగ్గర్నుంచి ఒకామె అరిచింది. "మా కుక్కను చంపెయ్యాలని ఊరంతా అంటే నువ్వొక్కడివే కదయ్యా నాతో నిలబడ్డావు!"

"ఇటు రా తాతా! నన్ను బళ్ళోంచి తీసెయ్యాలన్నప్పుడు నా పక్కన నువ్వే ఉన్నావు!" అని కిటికీల దగ్గర్నుంచి ఒక పెద్ద మీసాలవాడు.

"మా నాన్న అంత్యక్రియలకు నువ్వూ నేనే కదా వచ్చింది!"

"నా బీన్స్ తిన్నావు!"

రెండు గోడలూ ఒకేసారి అరవడం మొదలుపెట్టి, ఒకేసారి ఆగిపోయాయి. ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆ హాల్లో ఎప్పుడో ఒకప్పుడు ఒంటరిగా మిగలని మనిషి లేడు. అలా మిగిలిన రోజున పక్కకు తిరిగి చూస్తే తాత కనిపించనివాడూ లేడు.

"ఎందుకయ్యా నీకీ తిరుగుడు? ఇప్పటికైనా చెప్పు" అంది ఆర్లీన్ మామ్మ. ఆవిడ పొయ్యి దగ్గరే ఉంది. ఓటు కోసమో వెచ్చదనం కోసమో ఇప్పటికీ చెప్పదు.

"గెలిచినవాళ్ళు గుంపుగా ఇంటికి పోతారే. ఓడినవాడితో ఒకడు నడవాలి కదా" అన్నాడు తాత చిరాగ్గా. ఇంత తెలిసిన విషయం అడుగుతారేమిటన్నట్టు. తర్వాత పొయ్యి వైపు తిరిగాడు.

"ఒరేయ్ మిల్టన్, ఈ తీర్మానం గెలిస్తే ఈ రాత్రి ఎక్కడ పడుకుంటావు?"

"మా ఇంట్లోనే. ఇంకెక్కడ పడుకుంటాను?"

"నిద్ర పడుతుందా?"

మిల్టన్ అబద్ధమాడడు. "పట్టదు" అన్నాడు.

"లియోన్, ఓడిపోతే ఏప్రిల్ ఒకటిన నువ్వెక్కడ పడుకుంటావు?"

"తెలీదు తాతా. ఒకరు అటూ ఒకరు ఇటూ పోవాలేమో."

తాత టోపీ తీశాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"నిద్ర పట్టనివాడి పక్కన నేను కూర్చోగలను. పడుకోడానికి చోటే లేనివాడి పక్కన కూర్చుని ఏం చెయ్యనురా, మిల్టన్?"

అని, ఉరికంబం ఎక్కబోయే దొంగలా కాళ్ళీడ్చుకుంటూ కిటికీల గోడకు వెళ్ళి నిలబడ్డాడు. హెస్టర్ ఆయన మళ్ళీ కదిలేలోపు గబగబా రాసేసుకుంది.

కిటికీలవాళ్ళు ఆయన్ని ఎత్తేసినంత పని చేశారు. లియోన్ ఏడుస్తూ, క్రెయిగ్ నవ్వుతూ ఆయన్ని చెరో వైపు కరుచుకున్నారు. వీపు మీద నలభై దెబ్బలు పడ్డాయి. తాత చేపలా జారి, మెట్లు దిగి, కింద భోజనాల గదిలోకి పారిపోయాడు.

అక్కడ చివరి బల్ల దగ్గర మిల్టన్ ఒక్కడే ఉన్నాడు. ఇందాక ఆయనతో నిలబడ్డ యాభై ఏడుగురూ డోనట్ల వరసలో నిలబడి, ఇటు చూడకుండా జాగ్రత్తపడుతున్నారు. తాత వెళ్ళి ఎదురుగా కూర్చున్నాడు.

"నన్ను ఓడించినవాడివి నువ్వే కదరా? ఇక్కడికెందుకొచ్చావు?" అన్నాడు మిల్టన్.

"ఇక్కడ జనం తక్కువున్నారు."

మిల్టన్ జేబులోంచి కొట్టు మీది గదుల తాళంచెవి తీసి బల్లమీద పెట్టాడు.

"చట్టం చట్టమే. కానీ నా చేత్తో నేనివ్వలేను."

"ఇవ్వొద్దు. బల్లమీద పెట్టావు. బల్లమీద దొరికింది నేను తీసుకున్నాను. పైన అడిగితే నా పేరు చెప్పు."

"చెప్తాను" అన్నాడు మిల్టన్, నవ్వకుండానే. తన డోనట్ తుంచి సగం తాత ముందుకు తోశాడు. "ఇంతకీ, గెలవడం ఎలా ఉందిరా?"

తాత వీపు రుద్దుకున్నాడు. మెట్ల మీద ఇంకా ఆయన పేరు పెట్టి కేకలేస్తూ జనం దిగుతున్నారు. కుర్చీని కొంచెం గోడవైపుకు జరుపుకున్నాడు.

"ఇరుకు మిల్టన్, మహా ఇరుకు."