నవ్వితేనే గుమ్మం దాటాలి

మా చిన్నప్పుడు... పొద్దున్న పాసింజరు దిగి, సంచీ భుజాన వేసుకుని నాన్న వస్తుంటే మేం ఎదురు పరిగెత్తడానికి వీల్లేదు. అమ్మ అరుగు మీద నిలబడి చెయ్యి అడ్డం పెట్టేది. ముందు ఎర్రనీళ్ల పళ్లెం... తర్వాతే పిల్లలు.

"ఈపాలి ఏటి వేషం బావా?" అని అడిగేది. అమ్మకి నాన్న మేనబావ. పెళ్లయ్యాక కూడా ఆ పిలుపు మారలేదు.

"సచ్చిపోనాను."

"నవ్వినావా?"

"నవ్వీసినాను, కెమెరా ముందల."

"నా ముందల నవ్వు."

నాన్న వీధిలో నిలబడి పళ్లన్నీ కనపడేలా నవ్వేవాడు. అప్పుడు అమ్మ దిష్టి తీసి, నీళ్లు రోడ్డు వార పారబోసి "ఊఁ... రా" అనేది.

మాది కోటబొమ్మాళి. నాన్న సినిమాల్లో చిన్న వేషాలు వేసేవాడు... ఎక్కువగా చచ్చిపోయేవే. హీరోయిన్ తండ్రి, హీరో బాబాయి, ఊరి పెద్దమనిషి... ఎవరైతేనేం, ఇంటర్వెల్ లోపు పోవాల్సిందే.

సినిమావాళ్లకి ఓ పద్ధతి ఉందట. శవంలా పడుకున్నవాడు, షాటు అయ్యాక కెమెరా ఇంకా తిరుగుతుండగానే కళ్లు తెరిచి దానివైపు చూసి నవ్వాలి. లేకపోతే కీడు. ఆ నవ్విన ముక్క సినిమాలో ఉండదు, కోసేస్తారు. నాన్న ఈ సంగతి ఓసారి అన్నం తింటూ చెప్పాడు... అంతే, అమ్మ పట్టేసుకుంది. కెమెరాకి నవ్వితే సరిపోదు, ఇంటికీ నవ్వాలి.

అంతకుముందు నాన్న నాటకాల మనిషి. రాజాం నుంచి నౌపడ దాకా ఏ ఊళ్లో తీర్థం జరిగినా నాన్న నాటకం ఉండేది. మైకు లేకపోయినా చివరి వరస దాకా వినపడే గొంతు... రాజు వేషంలో ఒక్క కేక వేస్తే ముందు చాప మీద కూర్చున్న చంటిపిల్లలు జడుసుకునేవారు.

అలాంటి మనిషిని సినిమాల్లో మంచం ఎక్కించారు. "మీ యాస పోవట్లేదండీ" అన్నారట. ఉన్న రెండు మాటలకీ ఇంకెవరిదో గొంతు పెట్టేవారు. తెర మీద చచ్చిపోయే ముందు దగ్గే దగ్గు కూడా నాన్నది కాదు.

బాధపడేవాడా అంటే... నాకు తెలీదు. అడిగితే "వేషం వేషమే కదేటే" అని తువ్వాలు దులుపుకుని లేచిపోయేవాడు.

ఒక్కసారి మాత్రం మొహం మాడ్చుకుని వచ్చాడు. పెద్ద వేషం, సొంత గొంతుతోనే చెప్పిస్తాం అని పిలిచి... తీరా వెళ్లాక మళ్లీ మంచమే చూపించారట.

"నవ్వు రాలేదే... తప్పుకో," అన్నాడు.

"రాకపోతే అక్కడే కూకో," అంది అమ్మ.

అరుగు మీద కూర్చున్నాడు. చద్దన్నం, ఉల్లిపాయ అక్కడికే వచ్చాయి. స్కూలుకి వెళ్లే పిల్లలందరూ చూసుకుంటూ పోయారు. చివరికి ఎదురింటి పారమ్మ అత్త, నాన్నకి వరసకి అప్ప, చీపురు పట్టుకుని వచ్చి "ఏటి తమ్ముడా, ఇంకా సచ్చే ఉన్నావేటి?" అంది. నాన్నకి నోట్లో అన్నంతో పొలమారింది... పొలమారుతూనే నవ్వేశాడు. అమ్మ గబగబా ఎర్రనీళ్లు తెచ్చింది.

పోయిన ఏడాది నాన్న పోయాడు. షూటింగుకని హైదరాబాదు వెళ్లి, లాడ్జిలో, నిద్రలోనే...

మర్నాడు మధ్యాహ్నానికి అంబులెన్సు మా వీధిలోకి వచ్చింది. మా వైపు బయట పోయినవాళ్లని గుమ్మం దాటించరు. అందుకని అరుగు మీద పడుకోబెట్టారు. అదే అరుగు.

అమ్మ లోపలికి వెళ్లి ఎర్రనీళ్లు కలుపుకొచ్చింది. ఎవరం ఆపలేదు. నాకు ఏమీ అనిపించలేదు... పళ్లెం అంచున సున్నం మరక ఉంటే దాన్నే చూస్తూ నిలబడ్డాను. నాన్న చావు ఎన్నిసార్లు చూశానో... ఇది కూడా అలాగే ఉంది.

"నవ్వు బావా," అంది అమ్మ.



కాసేపు చూసింది. తర్వాత మామూలుగానే దిష్టి తీసి, నీళ్లు రోడ్డు వార పారబోసి వచ్చింది.

"నవ్వినాడు. నాను సూసినాను. లోపలికి తెండి."

"అమ్మీ... బయట పోనోడే..." అంది పారమ్మ అత్త మెల్లగా.

"సెప్తన్నాను కదా వదినా, నవ్వినాడని."

అత్త వంగి నాన్న మొహం చూసింది. చాలాసేపే చూసింది. తర్వాత కొంగుతో మూతి తుడుచుకుని మగవాళ్ల వైపు తిరిగింది.

"అవునర్రా... నానూ సూసినాను. ఎత్తండి."

ఎత్తారు. నాన్న గుమ్మం దాటాడు.

నాకు ఆరోజు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు... ఎందుకో తెలీదు. వంట చేస్తున్నాను, ఆఫీసుకి వెళ్తున్నాను, అన్నీ జరుగుతున్నాయి.

అప్పట్లో నాన్న ఎక్కడో చచ్చిపోయి, మర్నాడు పాసింజరు దిగి వచ్చేవాడు. ఇప్పుడు నా ఫోనులోనే, ఎప్పుడు నొక్కితే అప్పుడు చచ్చిపోతాడు... పాసింజరు మాత్రం ఊరికే వచ్చి పోతోంది.

నిన్న అమ్మ పక్కన కూర్చుని చూసింది. మొహం మీదకి దుప్పటి లాగగానే సీను మారిపోయి పాట వచ్చేసింది.

"ఆ తరవాత ముక్క ఏదే? నవ్విన ముక్క... నీ ఫోనులో దొరకదేటి?"

"ఉండదమ్మా. కోసేస్తారు."

"కోసినవి ఎక్కడో పడేస్తారు కదేటి," అంది.

మీలో సినిమా పని చేసినవాళ్లుంటే... మీ ఇంట్లోనూ ఇలా చచ్చిపోయి తిరిగొచ్చిన నాన్నో, మావయ్యో ఉంటే... ఆ కోసేసిన ముక్కలు ఎక్కడికి పోతాయో కింద కాస్త చెప్పండి. మా అమ్మ అడుగుతోంది. రెప్పపాటు నవ్వు చాలు... దానికి ఇంకెవరి గొంతూ పెట్టి ఉండరు, అది నాన్నదే.